నేర్పడం మానని కడ్డీ అక్క

నోటీసు బోర్డు మీద కాగితం అంటించి గంట కూడా కాలేదు. నీటి సరఫరా సెక్షన్ ఆఫీసులో అప్పటికే ఐదారుగురు దాని ముందు మూగి ఉన్నారు. ఆమె వాళ్ళను తప్పించుకుంటూ ముందుకు వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని, మొదటి నుంచి చివరి దాకా చదివింది. పర్మనెంటు సిబ్బంది ఎవరూ కాంట్రాక్టు పనివాళ్ళను లైన్ల మీదికి తీసుకెళ్ళి పని నేర్పరాదు, కాదని నేర్పినవారి మీద చర్య తప్పదు అని దాని సారాంశం. కింద ఇంజనీరు సంతకం. చదివినవాళ్ళంతా పక్కనున్న జాబితాలో తమ పేరు ఎదురుగా సంతకం గీకి వెళ్ళిపోతున్నారు. ఆమె గుమాస్తా జేబులోని పెన్ను తీసుకుని, తన పేరు ఎదురుగా "చదివాను. నేర్పడం మానను" అని గుండ్రంగా రాసి, తేదీ కూడా వేసింది.

గుమాస్తా గొంతు తగ్గించాడు. "అక్కా, అది కొట్టేయ్. నేను చూడలేదనుకుంటాను."

"చూశావుగా. దాని కాపీ ఒకటి తీసి నాకివ్వు. ఇంట్లో పెట్టుకుంటాను" అని పెన్ను అతని జేబులోనే పెట్టి బయటికి నడిచింది.

ఆమెను ఆఫీసులోనూ వీధుల్లోనూ అందరూ కడ్డీ అక్క అనేవారు. నడుం దాకా వచ్చే ఇనప కడ్డీ ఒకటి ఎప్పుడూ ఆమె చేతిలో ఉండేది. ఒక కొన సన్నం, రెండో కొనకు చెవికి ఆనేలా చెక్క బిళ్ళ. సన్నటి కొనను రోడ్డు మీదో, వాల్వు తల మీదో ఆనించి, బిళ్ళకు చెవి పెట్టి, నేల కింద గొట్టం ఎక్కడ కారుతోందో చెప్పేది. ఆమె "ఇక్కడ" అని సుద్దతో గుర్తు పెడితే తవ్వేవాళ్ళు మారు మాట్లాడేవారు కాదు. పదిసార్లు పెడితే తొమ్మిదిసార్లు లీకు అక్కడే ఉండేది. పదోసారి తప్పితే, ఎందుకు తప్పిందో తేలేదాకా ఆమెకు అన్నం సహించేది కాదు.

ఆ ఉద్యోగం మొదట ఆమె భర్తది. పెళ్ళయిన ఐదేళ్ళకు అతను గొట్టం బాగు చేయడానికి గోతిలో దిగాడు. ఆ గోతి పక్కనే ఇంకో పాత లైను ఉందని, అది కారి మట్టిని నానబెట్టిందని అతనికి ఎవరూ చెప్పలేదు. పక్క మట్టి విరిగి మీద పడింది. ఆ ఉద్యోగం ఆమెకిచ్చారు. ఇచ్చారే గాని, ఆఫీసులో బిందెలు నింపే పనికి, ఫైళ్ళు మోసే పనికి పెట్టారు. ఆరు నెలలు ఓపిక పట్టి, ఒకరోజు అప్పటి ఇంజనీరు గదిలోకి వెళ్ళి, "నాకిచ్చింది మా ఆయన ఉద్యోగం సార్. ఆయన ఇక్కడ బిందెలు మోయలేదు. నన్ను లైను మీదికి పంపండి" అంది. ఆయన నవ్వేసి, పోరు పడలేక పెద్ద మేస్త్రి వెంట పంపాడు.

పెద్ద మేస్త్రి తలలో ఊళ్ళోని వాల్వులన్నీ ఉండేవి. ఏ సందులో ఏ లైను ఎటు తిరుగుతుందో, ఏ వాల్వు మూస్తే ఏ వీధికి నీళ్ళు ఆగుతాయో ఆయనకు తప్ప మరొకరికి తెలియదు. ఎవరికీ తెలియకుండా చూసుకునేవాడు కూడా. వాల్వు దగ్గరికి రాగానే వెంట ఉన్నవాళ్ళను టీకో, బీడీ కట్టకో తోలేసేవాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి మూత మూసి, మీద మట్టి కప్పి ఉండేది. "నాకు తెలిసింది మీకూ తెలిస్తే ఇక నన్నెవడు పిలుస్తాడు?" అని దాపరికం లేకుండానే అనేవాడు. ఆమె మాత్రం టీ తేవడానికి వెళుతూ వెళుతూ అడుగులు లెక్కపెట్టుకునేది. ఏ గోడ మూల నుంచి ఎన్ని, ఏ స్తంభం నుంచి ఎటు వైపు. ఇంటికెళ్ళి నోటుపుస్తకంలో రాసుకునేది. నాలుగేళ్ళలో నూట పన్నెండు వాల్వులు అలా దొంగిలించింది.

పెద్ద మేస్త్రి రిటైరైన నెలకు పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. మూడో నెలలో మార్కెట్ వీధిలో పెద్ద లైను పగిలింది. ఏ వాల్వు మూయాలో తెలియక అందరూ తలలు పట్టుకున్నారు. రెండు రోజులు వీధి చెరువైంది, సగం ఊరికి కుళాయిలు ఎండాయి. చివరికి ఆయన్ను కుర్చీతో సహా వ్యానెక్కించి తీసుకొచ్చారు. ఆయన ఎడమ చెయ్యెత్తి అటు చూపించాడు, ఇటు చూపించాడు. ఏదో చెప్పబోయాడు. నోట్లోంచి మాటకు బదులు చొంగ కారింది. చుట్టూ ముప్ఫైమంది వంగి వంగి ఆయన మొహంలోకి చూస్తున్నారు. ఆయన కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి.

దొంగచాటు రాతలు బయటపెట్టడానికి అప్పటిదాకా జంకిన ఆమె, ఇంటికి పరుగెత్తి నోటుపుస్తకం తెచ్చింది. పోస్టాఫీసు గోడ మూల నుంచి పదిహేడు అడుగులు నడిచి, నిలబడిన చోట గీకమంది. తారు కింద మూత ఖంగుమంది.

వాల్వు మూశాక ఆమె కుర్చీ దగ్గరికి వచ్చింది. ఆయన ఎడమ చేత్తో ఆమె మణికట్టు పట్టుకుని ఎంతకీ వదల్లేదు. భర్తను మింగిన గోతి పక్కన ఉన్న ఆ పాత లైను సంగతి కూడా ఈ తలలో ఉండే ఉంటుంది. ఆ మాట అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. అడిగినా జవాబు చెప్పే నోరు లేదు. ఆమెకు కోపం రాలేదు, జాలి కూడా కలగలేదు. భయం వేసింది. తన తల కూడా రేపు ఇలాగే మూసుకుపోవచ్చు. తెల్లారి నుంచి ఆమె తనకు తెలిసినదల్లా, అడిగినవాడికీ అడగనివాడికీ నేర్పడం మొదలుపెట్టింది.

నేర్పడంలో ఆమెకు మెత్తదనం లేదు. జవాబు చెప్పేది కాదు. కడ్డీ చేతికిచ్చి, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, "ఏం వినపడుతోంది?" అనేది. "నీళ్ళు" అంటే, "నీళ్ళని నాకూ తెలుసు. పోతున్నాయా, కారుతున్నాయా?" అనేది. కుళాయి తిప్పితే వచ్చే చప్పుడు ఆగుతుంది, లీకు చప్పుడు ఆగదు. కరెంటు తీగ చప్పుడు ఒకే పాట పాడుతుంది. ఇవి ఆమె చెప్పగా ఎవరికీ తెలియలేదు, వారాల తరబడి మోకాళ్ళు కాయలు కాస్తే తెలిశాయి. సాయంత్రం ఆ రోజు తిరిగిన వీధిని కాగితం మీద గీయమనేది. తప్పు గీస్తే చించేసేది. "మా ఇంట్లో నా పెళ్ళాం కూడా నన్నింత మాట అనదక్కా" అని ఒకతను వాపోతే, "ఆవిడ నిన్ను గోతిలోకి దించదుగా" అంది.

ఏళ్ళు గడిచాయి. పర్మనెంటు వాళ్ళు రిటైరవుతుంటే ఆ ఖాళీల్లో కాంట్రాక్టు పనివాళ్ళను తెచ్చి పెట్టడం మొదలైంది. వాళ్ళకు చెప్పులే దిక్కు, బూట్లు లేవు. ఏ గోతిలో దిగమంటే అందులో దిగేవారు. ఆమె వాళ్ళనూ వెంటేసుకుంది. అక్కడే వచ్చింది తంటా. ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్ళు, మట్టి విరగకుండా పక్కలకు పలకలు నిలబెట్టందే గోతిలో దిగేది లేదని మొరాయించసాగారు. కాంట్రాక్టరు ఇంజనీరు దగ్గర మొత్తుకున్నాడు. అందుకే ఆ నోటీసు.

ఇంజనీరుదొక గోల అయితే ఇంట్లోది ఇంకో గోల. ఆమె మరిది కూడా ఆ ఆఫీసులోనే పనిచేసేవాడు, యూనియన్‌కు కార్యదర్శి. ఇల్లు ఒకటే. కింద గదుల్లో ఆమె, అత్తగారు. మేడ మీద మరిది. నోటీసు పడిన సాయంత్రం అతను చెప్పులు కూడా విప్పకుండా కింద గదిలోకి వచ్చాడు.

"వదినా, ఇంజనీరు చెడ్డవాడే, కాదనను. కానీ ఈ ఒక్క విషయంలో మా యూనియన్‌దీ అదే మాట. కాంట్రాక్టు వాళ్ళకి పని వస్తే ఇక మనమెందుకు? మనల్ని పీకేసి వాళ్ళనే పెట్టుకుంటారు."

"వాళ్ళకి పని రాకపోతే పీకరా?"

"అంత తొందరగా పీకరు."

"అంటే వాళ్ళు చావాలి, మనం ఉండాలి. అంతేగా?"

"చావడం దాకా ఎందుకు పోతావ్?"

"గోతిలో దిగేది ఇప్పుడు వాళ్ళు. పక్కన ఏముందో తెలియకుండా దిగితే ఏమవుతుందో మీ అన్నయ్యే చూపించాడు" అంది ఆమె.

అత్తగారికి చెవుడు. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, "ఏమంటున్నాడే వాడు?" అంది.

"నా నోరు మూయించమని పంపారత్తయ్యా" అని ఆమె గట్టిగా చెవిలో చెప్పింది.

"నా వల్లే కాలేదు, వీడి వల్ల ఏమవుతుంది? ఇంట్లో చెవులన్నీ నువ్వే పట్టుకుపోయావు, నోరు కూడా నీదే" అని ముసలావిడ పడుకోవడానికి పోయింది.

వారానికి ఆమెకు మెమో వచ్చింది. సంజాయిషీ ఇమ్మన్నారు. ఆమె మూడు రోజులు కూర్చుని, ఇరవై మూడేళ్ళలో తాను పని నేర్పినవాళ్ళ పేర్లన్నీ గుర్తు చేసుకుని వరసగా రాసింది. అరవై మూడు మంది. ఇంజనీరు ఆ కాగితాలు తిరగేసి, "ఇదేంటమ్మా? సంజాయిషీనా, నేరం ఒప్పుకోవడమా?" అన్నాడు.

"రెండూ కాదు సార్. హాజరు పట్టీ."

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను లైను పని నుంచి తప్పించి స్టోరుకు మార్చాడు. తుప్పు పట్టిన బోల్టులు, వాషర్లు సైజుల వారీగా ఏరి డబ్బాల్లో వేయడం ఇక ఆమె పని. కడ్డీ కూడా స్టోరులో జమ చేయమన్నాడు. జమ చేసింది. మర్నాడు కమ్మరి దగ్గర ఇంకోటి చేయించుకుంది.

అప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున ఐదున్నరకు ఆమె వీధిలో నడకకు బయల్దేరేది. ఒక్కొక్కరే వచ్చి కలిసేవారు, ఆరుగురు, ఏడుగురు, అందరి చేతుల్లోనూ కడ్డీలు. బండ్ల రొద మొదలుకాని వేళ, పాఠానికి అంతకన్నా మంచి సమయం లేదు. ఒకరోజు ఇంజనీరు స్వయంగా కారాపి దిగాడు.

"ఏం చేస్తున్నారిక్కడ?"

"డాక్టరు నడవమన్నాడు సార్. షుగరు."

"మరి వీళ్ళు?"

"వీళ్ళకీ వచ్చేలా ఉంది. ముందు జాగ్రత్త."

రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్న ఏడుగురు తల ఎత్తకుండా నవ్వు ఆపుకున్నారు. ఆఫీసు వేళ కాదు, రోడ్డు ఆఫీసుది కాదు. ఆయన కారు తలుపు గట్టిగా వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ ఏడుగురిలో ఒకమ్మాయిని నిచ్చెన అనేవారు, అంత పొడుగు. మాట తక్కువ. వచ్చిన కొత్తలో రెండు నెలల పాటు ఏం వినపడుతోందని అడిగితే "తెలియట్లేదక్కా" అనేది. మిగతావాళ్ళు ఏదో ఒకటి ఊహించి చెప్పేవారు. తెలియనిది తెలియదనే పిల్లంటే కడ్డీ అక్కకు లోలోపల గురి. పైకి మాత్రం అందరికన్నా ఎక్కువ తిట్లు ఆ పిల్లకే.

స్టోరుకు మార్చిన అయిదో నెలలో, బడి వీధిలో కొత్త గొట్టం వేయడానికి గొయ్యి తవ్వాల్సి వచ్చింది. తవ్వే మిషను వచ్చింది, కాంట్రాక్టరు సూపర్‌వైజరు వచ్చాడు, ఆఫీసు తరఫున వాల్వు కీ పట్టుకుని మరిది వచ్చాడు. పనివాళ్ళలో నిచ్చెన ఉంది. ఎవరూ చెప్పకుండానే ఆ పిల్ల కడ్డీ తీసి రోడ్డు మీద మూడు చోట్ల విని, వెళ్ళి మిషను ముందు నిలబడింది.

"ఇక్కడ ఇంకో లైను ఉందండి. కారుతోంది."

"ప్లానులో లేదు" అన్నాడు సూపర్‌వైజరు.

"ప్లానులో లేకపోతే నేలలో లేనట్టా?"

"నువ్వు చెబితే మేం ఆపాలా? తప్పుకో ముందు."

నిచ్చెన తప్పుకోలేదు. మరిది వైపు తిరిగి కడ్డీ చాపింది. "పర్మనెంటు వారు మీరున్నారుగా బాబాయ్. మీరే వినండి. లేదంటే తప్పుకుంటాను."

అందరూ చూస్తుండగా అతను మోకాళ్ళ మీద కూర్చుని బిళ్ళకు చెవి పెట్టాడు. ఏదో గుసగుసలాంటిది వినపడింది. అది కుళాయో, లీకో, కరెంటు తీగో అతనికి తెలియలేదు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇంట్లోనే గురువు ఉంది. ఏ రోజూ నేర్చుకోవాలని అనుకోలేదు. ఉందని అనలేడు, లేదనీ అనలేడు. లేచి మోకాళ్ళు దులుపుకుని, "మిషను వద్దు. చేత్తో తవ్వండి" అన్నాడు.

మూడు గంటలు పట్టింది. నడుంలోతున నల్లటి పాత ఇనప గొట్టం బయటపడింది. మిషను పంటి కోసం సుద్దతో గీసిన గీతకు సరిగ్గా జానెడు దూరంలో. అతుకు దగ్గర పగిలి నీళ్ళు ఊరుతున్నాయి. పక్కనున్న మట్టి చేత్తో ముట్టుకుంటే ముద్దగా జారిపోతోంది. మిషను తవ్వి, మనుషులు దిగి ఉంటే ఆ గోడ నిలిచేది కాదు. ఎవరూ దిగలేదు కాబట్టి ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు కాబట్టి ఎవరూ రాసుకోలేదు. పూట పని పోయిందని కాంట్రాక్టరు గోల పెట్టి, రేపటి నుంచి రావద్దని నిచ్చెనకు చెప్పించాడు.

ఆ సాయంత్రం మరిది మేడ మెట్ల మీదే కూర్చుండిపోయాడు. ఆమె స్టోరు నుంచి వచ్చి, అప్పటికే నిచ్చెన ద్వారా అంతా విని ఉంది కనక, పలకరించకుండా లోపలికి వెళ్ళబోయింది.

"వదినా, అన్నయ్య గొయ్యి కూడా అలాగే ఉంది. మట్టి అలాగే ఉంది" అన్నాడతను.

ఓదార్చాల్సిన సమయమని ఆమెకు తెలుసు. కానీ "చెప్పానుగా" అనకుండా ఉండలేకపోయింది. కాసేపాగి, వచ్చి పక్క మెట్టు మీద కూర్చుంది. లోపల్నుంచి ముసలావిడ టీ చల్లారిపోతోందని కేకలు వేస్తోంది.

మర్నాడు యూనియన్ వాళ్ళు ఇంజనీరు గదిలోకి వెళ్ళారు. నిచ్చెన మళ్ళీ పనిలోకి వచ్చేదాకా బడి వీధి పనికి పర్మనెంటు వాడెవడూ వాల్వు తిప్పడని మరిది చెప్పాడు. నాలుగో రోజున ఆ పిల్లను తిరిగి పిలిచారు. ఐదో రోజు తెల్లారి ఐదున్నరకు మరిది వీధి మూల నిలబడి ఉన్నాడు, చేతిలో ఎవరినో అడిగి తెచ్చుకున్న కడ్డీ. కడ్డీ అక్క అతన్ని వరసలో చివర కూర్చోబెట్టింది. మొదటి ప్రశ్నకే తప్పు చెప్పాడు. తన కొడుకు వయసువాళ్ళ ముందు చీవాట్లు తిన్నాడు. మళ్ళీ మర్నాడు వచ్చాడు.

అలాగని కథ సుఖాంతమైందని కాదు. ఇంజనీరు నోటీసు వెనక్కి తీసుకోలేదు. మెమో మీద విచారణ ముగించి, పై అధికారుల ఆజ్ఞను ధిక్కరించి కాంట్రాక్టు పనివారికి పని నేర్పినందుకు మందలింపు అని ఆమె సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశారు. రిటైరయ్యే దాకా స్టోరులోనే ఉంచారు. అప్పీలు చేద్దామని మరిది ఫారం తెచ్చి, నింపి, సంతకం ఒక్కటే పెట్టమన్నాడు.

ఆమె ఫారం తిరిగి ఇచ్చేసింది. "ఉండనీ. ముప్ఫై ఏళ్ళ సర్వీసు పుస్తకమంతా సెలవులు, బదిలీలు. నేనేం చేశానో రాసిన పేజీ అదొక్కటే. దాన్నీ కొట్టేయిస్తావా?"

రిటైరయ్యాక మూడేళ్ళు గడిచాయి. నిచ్చెన ఇప్పుడు ఎక్కడ పని చేస్తే అక్కడ నలుగురైదుగురిని వెంటేసుకుని తిరుగుతోందని వినికిడి. లీకులు పట్టడానికి చెవులకు తగిలించుకునే యంత్రం కూడా ఆ పిల్ల చేతికి వచ్చిందట. అయినా ముందు కడ్డీతో వినడం వచ్చినవాళ్ళకే ఆ యంత్రం ఇస్తుందట. "యంత్రం పాడైతే చెవులు మూసుకుంటావా?" అంటుందట. అది కడ్డీ అక్క అన్న మాట కాదు. ఆ పిల్ల సొంత మాటే. ఎవరో వచ్చి చెబితే విని, తనకెందుకు తట్టలేదా ఆ మాట అని ఆమె ఒకరోజంతా అసూయ పడింది.

ఒక ఉదయం ఆమె గేటు తీసుకుని బయటికి వచ్చేసరికి, ఎన్నడూ చూడని ఒక యువతి వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని కడ్డీకి చెవి ఆనించి ఉంది. ఆమె ఆ యువతి దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, కాస్త అక్కడే ఆగండి. మీ చెప్పుల చప్పుడుకి ఏమీ వినపడట్లేదు" అంది ఆ యువతి తల ఎత్తకుండా.

ఆమె ఆగిపోయింది. కాళ్ళ నుంచి చెప్పులు విప్పి, ఉత్త కాళ్ళతో నాలుగడుగులు వేసి, "నేనొకసారి విననా?" అని కడ్డీ అడిగి తీసుకుంది. విని, "లీకు కాదు. ఎదురింటి కుళాయి" అంది.

"కాదమ్మా, లీకే. ఎదురింటి కుళాయి కట్టేయించి విన్నాను. చప్పుడు ఆగలేదు."

"ముప్ఫై ఏళ్ళు విన్న చెవులివి."

"అయితే వాటికి వయసైపోయింది" అని ఆ యువతి సుద్ద తీసి గుర్తు పెట్టింది.

ఆమె ఇంట్లోకి వచ్చింది. ఆ పూట అన్నం సహించలేదు. ఓడిపోయినందుకా, ఇంకా తేలనందుకా అని ఆమెకే తెలియలేదు. రెండు రోజులకు తవ్వారు. గొయ్యికి రెండు వైపులా పలకలు నిలబెట్టి, అడ్డ కర్రలు బిగించి, అప్పుడు దిగారు. లీకు సుద్ద గుర్తు కిందే ఉంది. ఆమె మేడ మెట్ల వైపు తిరిగి మరిదిని కేకేసి పిలిచి మరీ చూపించింది. "నేను తప్పు చెప్పాను, ఆ పిల్ల రైటు" అని వచ్చే పోయే వాళ్ళందరికీ చెప్పింది, తానే గెలిచినట్టు.

తర్వాత ఇంట్లోంచి స్టూలు తెచ్చుకుని గోతి పక్కన వేసుకుని కూర్చుంది. సూపర్‌వైజరు వచ్చి, "పని జరిగే చోట మీరు కూర్చోకూడదమ్మా. మాకు మాటొస్తుంది. లేవండి" అన్నాడు.

"ఆ మూల పలకకి మేకు వదులుగా ఉంది. అది బిగించు, లేస్తాను."

అతను మేకు బిగించాడు. ఆమె లేవలేదు. ఆఖరి మనిషి గోతిలోంచి పైకి వచ్చేదాకా అక్కడే కూర్చుంది.